అక్క లాప్‌టాప్‌లో యాడ్‌వేర్: సంతకాల వెంట పదిహేడు రోజులు

1వ రోజు

అక్క లాప్‌టాప్ నా టేబుల్ మీదికి వచ్చింది. బ్రౌజర్ తెరిస్తే తను పెట్టుకున్న సెర్చ్ పేజీ రాకుండా ఇంకేదో వస్తోందట. ఏ పనీ చేయకుండా ఊరికే ఉంచినా కుడివైపు కింద మూలన యాడ్లు పైకి లేస్తున్నాయట. యాంటీవైరస్‌తో రెండుసార్లు పూర్తి స్కాన్ చేయించింది, రెండుసార్లూ ఏ ముప్పూ లేదనే వచ్చింది. “ఒరేయ్, ఫార్మాట్ మాత్రం చెయ్యకు. నా లెక్కలన్నీ ఇందులోనే ఉన్నాయి” అని ముందే చెప్పేసింది.

ఫార్మాట్ చేస్తే ఒక పూటలో పని అయిపోతుంది, నిజమే. కానీ ఏ ఫైల్ ఈ పని చేస్తోందో, అది ఏ దారిన లోపలికి వచ్చిందో తెలియకుండా పోతుంది. వచ్చే నెల మళ్లీ అదే ఇన్‌స్టాలర్ నొక్కితే కథ మళ్లీ మొదటికొస్తుంది. అందుకే దీన్నొక ప్రాజెక్టులా పెట్టుకున్నాను. అనుమానం ఉన్న ప్రతి ఫైల్‌కీ డిజిటల్ సంతకం చూడాలి, ఆ సంతకం ఎవరిదో రాసుకోవాలి, దాన్నిబట్టి యాడ్‌వేర్ (అడగకుండా యాడ్లు చూపించే ప్రోగ్రామ్) ఏదో తేల్చాలి.

ముందు నెట్ తీసేసి, అక్క లెక్కల ఫోల్డర్లు బయటి డిస్క్‌లోకి కాపీ చేశాను. తర్వాత టాస్క్ మేనేజర్ తెరిచి, నాకు తెలియని పేర్లున్న ప్రాసెస్‌ల మీద రైట్ క్లిక్ చేసి ఫైల్ ఎక్కడుందో చూస్తూ వెళ్లాను. నాలుగో దాని దగ్గర ఆగాను. ప్రోగ్రామ్‌లు తమ సమాచారం దాచుకునే యాప్‌డేటాలోని లోకల్ ఫోల్డర్ కింద, అర్థం లేని అక్షరాలతో ఒక ఫోల్డర్. అందులో పేరు చివర ‘అప్‌డేటర్’ అని ఉన్న ఒక ఎగ్జీ ఫైల్, అంటే నడిచే ప్రోగ్రామ్.

సంతకం ఉండదనే అనుకున్నాను. ప్రాపర్టీస్ తెరిస్తే డిజిటల్ సిగ్నేచర్స్ ట్యాబ్ కనిపించింది. డీటెయిల్స్ నొక్కితే సంతకం సరిగ్గానే ఉందని విండోస్ చెప్పింది. కాసేపు నాకు ఏం చేయాలో తోచలేదు. సంతకం లేని ఫైళ్లను పట్టుకుంటే చాలు అన్నది నా ప్లాన్. మొదటి ఫైల్‌తోనే ఆ ప్లాన్ పోయింది.

అదే ఫైల్‌ని సిగ్‌చెక్‌తో చూశాను. మైక్రోసాఫ్ట్ ఇచ్చే సిస్‌ఇంటర్నల్స్ టూల్స్‌లో ఇదొకటి, కమాండ్ లైన్‌లో నడుస్తుంది. అది చూపించిన వరుసల్లో రెండిటి దగ్గర కళ్లు నిలిచిపోయాయి. పబ్లిషర్ అన్నచోట ఎప్పుడూ వినని ఒక లిమిటెడ్ కంపెనీ పేరు ఉంది. దాని కిందే కంపెనీ అన్నచోట పేరున్న ఒక బ్రౌజర్‌ని తలపించే పేరు, డిస్క్రిప్షన్‌లో ‘సిస్టమ్ అప్‌డేట్ సర్వీస్’ అని ఉన్నాయి. ఒకే ఫైల్ తన గురించి రెండు రకాలుగా చెప్పుకుంటోంది. కంపెనీ, డిస్క్రిప్షన్ ప్రోగ్రామ్ రాసినవాళ్లు ఏది టైప్ చేస్తే అదే, వాటిని ఎవరూ సరిచూడరు. పబ్లిషర్ పేరు మాత్రం సర్టిఫికెట్ లోంచి వస్తుంది. ఈ రెండూ కలవని ఫైళ్లన్నిటికీ వేరే లిస్ట్ పెట్టాలని ఈ రాత్రే నిర్ణయించుకున్నాను.

2వ రోజు

ఇవాళ లాప్‌టాప్ ముట్టుకోలేదు. సంతకం అసలు దేనికి హామీ ఇస్తుందో చేత్తో చేసి చూడాలనిపించింది.

విండోస్ ప్రోగ్రామ్‌ల మీద ఉండే సంతకాన్ని ఆథెంటికోడ్ అంటారు. మైక్రోసాఫ్ట్ దీన్ని 1996లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 3తో తెచ్చింది. ఫైల్‌లోని బైట్లను బట్టి ఒక హ్యాష్ తీస్తారు, అంటే ఫైల్‌కి వేలిముద్రలాంటి ఒక సంఖ్య. తయారుచేసినవాళ్లు తమ దగ్గర మాత్రమే ఉండే ప్రైవేట్ కీతో ఆ హ్యాష్ మీద సంతకం చేస్తారు. ఆ కీ ఫలానా కంపెనీదని చెప్పే సర్టిఫికెట్‌ని కూడా అక్కడే జతచేస్తారు. ఆ సర్టిఫికెట్‌కి పైన ఇంకొకటి, దాని పైన ఇంకొకటి ఉండి, చివరికి విండోస్ నమ్మే ఒక రూట్ సర్టిఫికెట్ దాకా గొలుసు వెళ్లాలి.

వర్చువల్ మెషీన్‌లో (నా కంప్యూటర్ లోపలే విడిగా నడిచే ఇంకో కంప్యూటర్ లాంటిది) సంతకం ఉన్న ఒక చిన్న ప్రోగ్రామ్‌ని కాపీ చేసి, బైట్లను నేరుగా చూపించే హెక్స్ ఎడిటర్‌లో తెరిచాను. మొదటి వరుసలోనే ఎం, జెడ్ అక్షరాలు. కొంచెం కిందికి వెళ్తే ఈ ప్రోగ్రామ్ డాస్‌లో నడవదని చెప్పే పాతకాలపు ఇంగ్లీషు వాక్యం కనిపిస్తుంది. ఆ వాక్యంలో ఒకే ఒక్క అక్షరం మార్చి సేవ్ చేశాను. ప్రోగ్రామ్ మునుపటిలాగే తెరుచుకుంది, ఏ తేడా లేదు. కానీ విండోస్‌లో కమాండ్లు టైప్ చేసే పవర్‌షెల్‌లో గెట్-ఆథెంటికోడ్‌సిగ్నేచర్ కమాండ్ ఇస్తే, అంతకుముందు ‘వాలిడ్’ అన్నది ఇప్పుడు ‘హ్యాష్‌మిస్‌మ్యాచ్’ అంది. ఒక్క బైట్ మారినందుకు. మార్చని కాపీకి పూర్తిగా వేరే పేరు పెట్టి చూశాను. అది వాలిడ్ గానే ఉంది. పేరు అనేది ఫైల్ లోపల ఉండదు కదా, అందుకే సంతకానికి పేరుతో సంబంధం లేదు.

అంటే సంతకం రెండే విషయాలు చెబుతుంది. ఈ ఫైల్ సంతకం పెట్టాక మారలేదు. సంతకం పెట్టింది ఈ పేరున్న సర్టిఫికెట్ గలవాళ్లు. ఆ ప్రోగ్రామ్ మంచిదో కాదో అందులో ఎక్కడా లేదు. ఉత్తరం మీద పంపినవాళ్ల అడ్రస్ సరైనదే అని తేలితే, లోపల రాసింది నిజమని కాదు గదా.

ఆ పేరు విషయంలోనూ చరిత్రలో పెద్ద పొరపాట్లు జరిగాయి. 2001 జనవరిలో ఎవరో తాము మైక్రోసాఫ్ట్ ఉద్యోగులమని చెప్పుకుని, సర్టిఫికెట్లు ఇచ్చే వెరిసైన్ సంస్థ నుంచి మైక్రోసాఫ్ట్ పేరుమీదే రెండు సర్టిఫికెట్లు తీసుకున్నారు. 2010లో బయటపడిన స్టక్స్‌నెట్ అనే వైరస్ లాంటి ప్రోగ్రామ్ డ్రైవర్ల మీద రియల్‌టెక్, జేమైక్రాన్ కంపెనీల అసలు సంతకాలే ఉన్నాయి, కీలు దొంగిలించి పెట్టినవి. 2017లో కంప్యూటర్‌ని శుభ్రం చేసే సీక్లీనర్ ప్రోగ్రామ్ 5.33 వెర్షన్‌లోకి బ్యాక్‌డోర్ (బయటివాళ్లు దొంగచాటుగా లోపలికొచ్చే దారి) దూరినప్పుడు కూడా ఆ ఫైల్ మీద సంతకం సరిగ్గానే ఉంది. 2023 జూన్ 1 నుంచి ఇలాంటి కీలను హార్డ్‌వేర్ పరికరంలోనే ఉంచాలని నియమం వచ్చింది కాబట్టి, ఇదివరకటిలా కీ ఫైల్‌ని కాపీ చేసుకుపోవడం అంత తేలిక కాదు.

కానీ యాడ్‌వేర్ చేసేవాళ్లకు దొంగతనం అక్కర్లేదు. ఒక కంపెనీ రిజిస్టర్ చేసి, ఆ పేరుమీద డబ్బు కట్టి సర్టిఫికెట్ కొనుక్కుంటారు. అప్పుడు సంతకంలో ఉన్నది వాళ్ల నిజమైన పేరే అవుతుంది. ఆ పేరే నాకు పనికొస్తుందని ఇవాళ మొదటిసారి అనిపించింది.

3వ రోజు

పైథాన్‌లో ఒక స్క్రిప్ట్ మొదలుపెట్టాను. ఫైల్‌లో 60వ బైట్ దగ్గర పీఈ (విండోస్ ప్రోగ్రామ్ ఫైళ్ల ఫార్మాట్) హెడర్ ఎక్కడుందో రాసి ఉంటుంది. అక్కణ్నుంచి డేటా డైరెక్టరీల్లో ఐదోదానికి వెళ్తే సర్టిఫికెట్ టేబుల్ ఎక్కడుందో, ఎంత సైజో తెలుస్తుంది. సైజు సున్నా అయితే సంతకం లేనట్టు. సాయంత్రానికి నడిచింది. పరీక్షకని సిస్టమ్32 ఫోల్డర్ మీద వదిలాను.

లిస్ట్ చూసి భయం వేసింది. నోట్‌ప్యాడ్‌తో సహా విండోస్ సొంత ఫైళ్లు ఎన్నో సంతకం లేనివిగా వచ్చాయి. సిస్టమ్ ఫైళ్లనే ఎవరో మార్చేశారా అని ఒక గంట టెన్షన్. తర్వాత విషయం అర్థమైంది. విండోస్ తన ఫైళ్లలో చాలావాటికి సంతకాన్ని ఫైల్ లోపల పెట్టదు. వందల ఫైళ్ల హ్యాష్‌లను కలిపి ఒక కేటలాగ్ ఫైల్‌లో రాసి, ఆ కేటలాగ్ మీద సంతకం పెడుతుంది. ఆ కేటలాగ్‌లు సిస్టమ్32 లోపల క్యాట్‌రూట్ అనే ఫోల్డర్‌లో ఉంటాయి. నా స్క్రిప్ట్ ఫైల్ లోపలే వెతుకుతోంది కాబట్టి దానికి అవి కనిపించవు. ప్రాపర్టీస్‌లో డిజిటల్ సిగ్నేచర్స్ ట్యాబ్ లేకపోయినంత మాత్రాన సంతకం లేదని అనుకోకూడదన్నమాట.

పైథాన్ పక్కన పెట్టి అదే పని పవర్‌షెల్‌లో మళ్లీ రాశాను. గెట్-ఆథెంటికోడ్‌సిగ్నేచర్ కేటలాగ్‌లను కూడా చూస్తుంది. సిగ్నేచర్‌టైప్ అన్న చోట ‘ఆథెంటికోడ్’ అనో ‘కేటలాగ్’ అనో చెబుతుంది. నోట్‌ప్యాడ్‌కి ఈసారి కేటలాగ్, వాలిడ్ అని వచ్చాక ప్రాణం కుదుటపడింది.

ఇంకో సంగతి కూడా రాసుకోవాలి. అక్క లాప్‌టాప్‌లోని కొన్ని విండోస్ ఫైళ్లను నా వర్చువల్ మెషీన్‌లోకి తెచ్చి చూస్తే అక్కడ ‘నాట్‌సైన్డ్’ అన్నాయి. రెండింట్లో విండోస్ బిల్డ్ వేరు, ఆ ఫైళ్ల కేటలాగ్‌లు ఇక్కడ లేవు. కాబట్టి ఫైళ్లను వేరేచోటికి పట్టుకెళ్లి చూడడం కన్నా, అవి ఉన్న మెషీన్‌లోనే చూడాలి.

5వ రోజు

లాప్‌టాప్‌లోనే స్క్రిప్ట్ నడిపాను. యాప్‌డేటా, ప్రోగ్రామ్‌డేటా, డౌన్‌లోడ్స్ మూడింట్లో కలిపి 638 ఎగ్జీ, డీఎల్ఎల్ (ప్రోగ్రామ్‌లు వాడుకునే కోడ్) ఫైళ్లు తేలాయి. సంతకం లేనివి 171.

ఈ 171 చూడడానికే పొద్దున్నంతా పట్టింది. అక్క వాడే ఒక ఉచిత ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్‌వే సగానికి పైగా ఉన్నాయి. చేతనైనంతలో రాసి ఉచితంగా ఇచ్చేవాళ్లు సర్టిఫికెట్‌కి ఏటేటా డబ్బు కట్టలేరు. ఇంకొన్ని ఇన్‌స్టాలర్లు వదిలి వెళ్లిన అన్‌ఇన్‌స్టాల్ ఫైళ్లు. ప్రతిదాన్నీ ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్‌తో చాలా యాంటీవైరస్‌ల అభిప్రాయం ఒకేచోట చూపించే వైరస్‌టోటల్ సైట్‌లో వెతికాను. ఫైల్‌ని అప్‌లోడ్ చేయలేదు, హ్యాష్ మాత్రమే ఇచ్చాను. అక్క సొంత ఫైల్ ఏదైనా పొరపాటున పైకి వెళ్తే వెనక్కి తీసుకోలేం. ఆ 171లో యాడ్లతో సంబంధం ఉన్నది ఒక్కటీ దొరకలేదు.

సంతకం ఉన్న 467 మిగిలాయి. వాటిని ఒక్కొక్కటిగా చూడడం మానేసి, సర్టిఫికెట్ థంబ్‌ప్రింట్‌ని బట్టి గుంపులుగా విడగొట్టాను. థంబ్‌ప్రింట్ అంటే సర్టిఫికెట్‌కి తీసిన 40 అక్షరాల హ్యాష్. ఒకే పేరుతో రెండు కంపెనీలు ఉండొచ్చు గానీ థంబ్‌ప్రింట్ కలవదు. పవర్‌షెల్‌లో గ్రూప్-ఆబ్జెక్ట్ ఒక్క ముక్కతో ఇది అయిపోతుంది. 23 గుంపులు వచ్చాయి. పెద్ద గుంపులన్నీ అందరికీ తెలిసిన కంపెనీలవి. నా కళ్లు చిన్న గుంపుల మీద పడ్డాయి.

మొదటి రోజు చూసిన అప్‌డేటర్ ఒంటరిది కాదు. అదే థంబ్‌ప్రింట్‌తో ఇంకో మూడు ఫైళ్లు ఉన్నాయి. ప్రోగ్రామ్‌డేటాలో వేరే పేరున్న ఫోల్డర్‌లో ‘హెల్పర్’ అని ఒకటి, యాప్‌డేటాలోనే ఇంకోచోట ఒక డీఎల్ఎల్, డౌన్‌లోడ్స్‌లో ఒక వీడియో కన్వర్టర్ ఇన్‌స్టాలర్. ఫోల్డర్ పేర్లు కలవవు, ఫైల్ పేర్లు కలవవు, హ్యాష్‌లు ఎలాగూ కలవవు. సంతకం ఒక్కటే కలిసింది. తీగ లాగితే డొంకంతా కదలడం అంటే ఇదే. యాంటీవైరస్ కళ్లుగప్పడానికి వాళ్లు ఫైల్‌ని రోజుకో రకంగా మార్చుకోగలరు, కానీ కొత్త సర్టిఫికెట్ కావాలంటే మళ్లీ డబ్బు పెట్టాలి, మళ్లీ కాగితాలు చూపించాలి. కాబట్టి అది అంత త్వరగా మారదు.

ఆ ఇన్‌స్టాలర్ ఎక్కణ్నుంచి దిగిందో కూడా తెలిసింది. బ్రౌజర్ డౌన్‌లోడ్ చేసిన ఫైల్‌కి విండోస్ జోన్ ఐడెంటిఫైయర్ అనే చిన్న చీటీ ఒకటి తగిలిస్తుంది. ఫైల్ తెరిస్తే అది కనిపించదు, పవర్‌షెల్‌లో స్ట్రీమ్ పేరు చెప్పి చదవాలి. జోన్ నంబర్ 3 అంటే ఇంటర్నెట్. దాని కిందే ఫైల్ దిగిన అడ్రస్, దానికి ముందు ఉన్న పేజీ అడ్రస్. అది కన్వర్టర్ తయారుచేసినవాళ్ల సైట్ కాదు, వేరే ఒక డౌన్‌లోడ్ సైట్. ఫోన్ చేసి అడిగితే అక్కకు గుర్తుంది. “పెద్ద పచ్చ బటన్ ఉంటే అదే నొక్కాను. నెక్స్ట్, నెక్స్ట్ అని కొట్టుకుంటూ పోయాను” అంది.

6వ రోజు

చిన్న సందేహం తీర్చుకున్నాను. వేరే గుంపులోని ఒక డీఎల్ఎల్ మీది సర్టిఫికెట్ గడువు మూడు నెలల కిందటే అయిపోయింది. అయినా వాలిడ్ అంటోంది. కారణం టైమ్‌స్టాంప్. సంతకం పెట్టిన క్షణాన్ని మూడో మనిషిలాంటి ఒక సర్వర్ ధ్రువీకరిస్తే, సర్టిఫికెట్ బతికున్న రోజుల్లో పెట్టిన సంతకం తర్వాత కూడా చెల్లుతుంది. టైమ్‌స్టాంప్ లేకపోతే గడువుతోపాటే సంతకమూ పోతుంది. గడువు తేదీ చూసి ఫైల్ మంచిచెడ్డలు తేల్చే పని ఇక పెట్టుకోను.

8వ రోజు

ఈ ప్రాజెక్టులో నాకు బాగా నచ్చిన రోజు ఇది.

డౌన్‌లోడ్స్‌లో ఆ ఇన్‌స్టాలర్ రెండు కాపీలు ఉన్నాయి, మొన్న రెండిటినీ ఒకటిగానే లెక్కేశాను. అక్క రెండుసార్లు దింపుకున్నట్టుంది, రెండోదాని పేరు చివర 1 అని చేరింది. ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్‌లు చూస్తే రెండూ వేరు. సరే, వేరే వెర్షన్ అనుకుని వదిలేసేవాణ్నే. సిగ్‌చెక్‌లో హ్యాష్‌లన్నీ చూపించమంటే పీఈ256 అని ఇంకొకటి కూడా చూపిస్తుంది. ఆథెంటికోడ్ పద్ధతిలో తీసిన హ్యాష్ అది. ఆ వరుసలో రెండు ఫైళ్లకూ 64 అక్షరాలూ ఒక్కటే.

ఫైల్ మొత్తం హ్యాష్ తేడా, సంతకం లెక్కలో హ్యాష్ ఒకటే. అదెలా? సంతకం పెట్టేటప్పుడు ఫైల్‌లో కొన్ని భాగాలను లెక్కలోంచి వదిలేస్తారు. హెడర్‌లో ఉండే చెక్‌సమ్, సర్టిఫికెట్ టేబుల్ ఎక్కడుందో చెప్పే గడి, ఆ టేబుల్. సంతకం తనమీద తను సంతకం పెట్టుకోలేదు కాబట్టి ఇది తప్పదు. కానీ ఆ టేబుల్‌లో సంతకం అయిపోయాక ఇంకొన్ని బైట్లు చేర్చి, సైజుని ఆ మేరకు పెంచి రాస్తే, సంతకం చెక్కుచెదరదు.

హెక్స్ ఎడిటర్‌లో రెండు ఫైళ్లనూ పక్కపక్కన పెట్టి చివరికి వెళ్లాను. నిజమే. సంతకం ముగిశాక సున్నాలు ఉండాల్సినచోట చదవగలిగే అక్షరాలున్నాయి. ఏ యాడ్ ద్వారా వచ్చారో చెప్పే ఒక కోడ్, దాని పక్కన ఒక పొడవాటి నంబర్. రెండు ఫైళ్లలో కోడ్ ఒకటే, నంబర్ వేరు. డౌన్‌లోడ్ చేసిన ప్రతిసారీ ఒక కొత్త నంబర్ కుట్టి పంపుతున్నారు. ఎవరు తెచ్చిన గిరాకీయో లెక్క చూసుకోవడానికి అనుకుంటున్నాను.

దీన్ని మంచి కంపెనీలు కూడా వాడతాయి. ప్రతి డౌన్‌లోడ్‌కీ మళ్లీ సంతకం పెట్టకుండా చిన్న సమాచారం పంపడానికి ఇది సులువైన దారి. మైక్రోసాఫ్ట్ 2013 డిసెంబర్‌లో ఎంఎస్13-098 బులెటిన్‌తో ఈ సందుని మూసే తనిఖీని తెచ్చింది. తర్వాత అందరికీ తప్పనిసరి చేసే ఆలోచన మానుకుని, కావలసినవాళ్లు రిజిస్ట్రీలో (విండోస్ సెట్టింగ్‌లు ఉండే చోటు) పెట్టుకునేలా వదిలేసింది. ఆ తనిఖీని వర్చువల్ మెషీన్‌లో పెట్టి చూశాను. రెండు ఇన్‌స్టాలర్లూ సంతకం పరీక్షలో తప్పాయి. అక్క లాప్‌టాప్‌లో మాత్రం పెట్టలేదు, తను రోజూ వాడే ప్రోగ్రామ్ ఏదైనా ఆగిపోతుందేమోనని.

స్క్రిప్ట్‌లో ఇంకో వరుస చేర్చాను. పీఈ హ్యాష్ ఒకటే అయ్యి మొత్తం హ్యాష్ తేడా వస్తే గుర్తు పెట్టమని.

9వ రోజు

నాలుగు ఫైళ్లనూ, వాటి ఫోల్డర్లనూ పాస్‌వర్డ్ పెట్టిన జిప్‌లోకి తీసి దాచి, లాప్‌టాప్‌లోంచి తొలగించాను. స్టార్టప్‌లో వాటి ఎంట్రీలు కూడా తీశాను. రీస్టార్ట్ చేశాను. సెర్చ్ పేజీ సరిగ్గానే వచ్చింది. పది నిమిషాలకు మూలన మళ్లీ యాడ్ లేచింది.

వాటంతటవే మొదలయ్యే ప్రోగ్రామ్‌లను చూపించే ఆటోరన్స్ తెరిచి షెడ్యూల్డ్ టాస్క్‌ల వరుస చూస్తే విషయం దొరికింది. లాగిన్ అయిన పది నిమిషాలకు మొదలయ్యే ఒక టాస్క్. అది నడిపే ప్రోగ్రామ్ డబ్ల్యూస్క్రిప్ట్. అది స్క్రిప్ట్ ఫైళ్లను నడిపే విండోస్ సొంత ప్రోగ్రామ్, దాని మీద మైక్రోసాఫ్ట్ సంతకం. నా స్క్రిప్ట్ టాస్క్‌లో ఎగ్జీ పేరు మాత్రమే తీసుకుని, సంతకం చూసి, ‘బాగుంది’ అని పక్కన పెట్టేసింది. ఎగ్జీ పేరు పక్కన ఒక జావాస్క్రిప్ట్ ఫైల్ పాత్ ఉంది, యాడ్ తెచ్చేది అదే. దానికి సంతకం లేదు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ఇక్కడ పనిచేసింది ఇంటి మనిషి చెయ్యే, చేయించింది బయటివాడు.

ఆ టాస్క్‌నీ, జావాస్క్రిప్ట్ ఫైల్‌నీ తీసేసి, నా స్క్రిప్ట్‌ని మార్చాను. డబ్ల్యూస్క్రిప్ట్, పవర్‌షెల్, రన్‌డీఎల్ఎల్32, సీఎండీ లాంటివి కనబడితే వాటి సంతకంతో తృప్తిపడకుండా, పక్కన ఇచ్చిన ఫైల్ పాత్‌ని తీసి దాన్ని పరీక్షిస్తుంది.

బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ కూడా ఒకటి ఉంది. సొంత లాప్‌టాప్ అయినా బ్రౌజర్ మెనూలో మీ సంస్థ దీన్ని నిర్వహిస్తోందని రాసి ఉంది. రిజిస్ట్రీలో పాలసీల కింద, తప్పనిసరిగా పెట్టాల్సిన ఎక్స్‌టెన్షన్ల లిస్ట్‌లో దాని ఐడీ దొరికింది. అందుకే అక్క ఎన్నిసార్లు తీద్దామన్నా తొలగించే బటన్ పనిచేయలేదట. ఆ ఎంట్రీ తీశాక ఎక్స్‌టెన్షన్ పోయింది. ఎక్స్‌టెన్షన్లు జావాస్క్రిప్ట్ ఫైళ్ల మూట, ఆథెంటికోడ్‌కి ఇక్కడ పని లేదు.

11వ రోజు

యాడ్లు రెండు రోజులుగా లేవు. కానీ ఒక ప్రశ్న మిగిలింది. వాలిడ్ అని విండోస్ చెప్పేది అది నమ్మే రూట్ సర్టిఫికెట్లను బట్టి కదా. ఆ రూట్‌లలోనే ఎవరైనా తమది ఒకటి చేర్చితే?

వర్చువల్ మెషీన్‌లో చేసి చూశాను. పవర్‌షెల్‌లోనే ఒక సర్టిఫికెట్ సొంతంగా తయారుచేసి, నచ్చిన పేరు పెట్టి, దాంతో ఒక చిన్న ప్రోగ్రామ్ మీద సంతకం పెట్టాను. స్టేటస్ ‘అన్‌నోన్‌ఎర్రర్’ అని వచ్చింది. ఈ మాట దగ్గర ఆగాలి. నా స్క్రిప్ట్ దీన్ని ఫైల్ చదవడంలో వచ్చిన ఏదో ఇబ్బంది అనుకుని ఇన్నాళ్లూ దాటేస్తోంది. కింద మెసేజ్ చదివితే అసలు సంగతి ఉంది: గొలుసు చివర ఉన్న రూట్‌ని ఈ కంప్యూటర్ నమ్మదు. వెంటనే సరిచేసి, లాప్‌టాప్ మీద మళ్లీ నడిపాను. అదృష్టం, అలాంటివి ఏవీ లేవు.

తర్వాత నా సర్టిఫికెట్‌ని రూట్ స్టోర్‌లో చేర్చాను. అదే ఫైల్ ఇప్పుడు వాలిడ్. ఐదు నిమిషాల పని.

యాడ్‌వేర్ వాళ్లు ఈ దారి వాడారు కూడా. 2015 ఫిబ్రవరిలో బయటపడిన సూపర్‌ఫిష్ సంగతి అదే. లెనోవో కొన్ని లాప్‌టాప్‌లలో ముందే వేసి అమ్మిన ఆ యాడ్‌వేర్, సురక్షిత వెబ్ పేజీల్లోకి కూడా యాడ్లు చొప్పించడానికి సొంత రూట్ సర్టిఫికెట్‌ని పెట్టింది. అన్ని లాప్‌టాప్‌లలోనూ ప్రైవేట్ కీ ఒకటే. దానికి పెట్టిన పాస్‌వర్డ్ ‘కొమోడియా’, ఆ పనికి వాడిన సాఫ్ట్‌వేర్ తయారుచేసిన కంపెనీ పేరు. అదే ఏడాది నవంబర్‌లో వాంటీరా అనే యాడ్‌వేర్ దీన్ని తిరగేసింది. యాంటీవైరస్ లాంటి భద్రతా కంపెనీల 13 సర్టిఫికెట్లను తీసుకెళ్లి విండోస్ నమ్మకూడని సర్టిఫికెట్ల స్టోర్‌లో పడేసింది. దాంతో యాంటీవైరస్ ప్రోగ్రామ్‌లే తెరుచుకోలేదు. సంతకాన్ని నమ్మే యంత్రాంగాన్నే రక్షణ మీదికి తిప్పిన ఆ తెలివి చూస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

సిగ్‌చెక్‌లో, మైక్రోసాఫ్ట్ లిస్ట్‌లో లేని రూట్‌లను మాత్రమే చూపించే ఆప్షన్ ఉంది. లాప్‌టాప్‌లో ఒకటి కనిపించింది. గుండె ఝల్లుమంది గానీ, అది అక్క వాడే యాంటీవైరస్‌దే. వెబ్ పేజీలను స్కాన్ చేయడానికి అది సొంత రూట్ పెట్టుకుంటుంది. పేరు, తేదీ యాంటీవైరస్ ఇన్‌స్టాల్ అయిన రోజుతో సరిపోయాయి. ఉంచేశాను. నమ్మకూడని స్టోర్‌లో తేడా ఏదీ కనిపించలేదు.

14వ రోజు

లాప్‌టాప్ అక్కకు ఇచ్చేశాను. ఇవాళ కూర్చుని, ఆ సర్టిఫికెట్ ఇచ్చిన సంస్థకు ఫిర్యాదు రాశాను. ఇలాంటి ఫిర్యాదులకు వాళ్లు ఒక దారి ఉంచాలి, వాళ్ల సైట్‌లో వెతికితే దొరికింది. కోపం రాయకుండా వివరాలు మాత్రమే రాశాను. సర్టిఫికెట్ సీరియల్ నంబర్, థంబ్‌ప్రింట్, నాలుగు ఫైళ్ల ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్‌లు, సంతకం పెట్టిన తేదీలు, అడగకుండా టాస్క్ పెట్టడం, ఎక్స్‌టెన్షన్‌ని పాలసీతో బిగించడం, డిస్క్రిప్షన్‌లో వేరేవాళ్లలా కనిపించడం. స్క్రీన్‌షాట్లు జతచేశాను.

వాళ్లు రద్దు చేసినా తేదీ ముఖ్యం. ఫలానా రోజు నుంచి రద్దు అని రాస్తే, ఆ రోజుకు ముందు టైమ్‌స్టాంప్ పడిన ఫైళ్లు ఇంకా చెల్లుతూనే ఉంటాయి. అందుకే నాలుగింటిలో అన్నిటికన్నా పాత సంతకం తేదీని లావు అక్షరాల్లో పెట్టి, రద్దు అంతకన్నా ముందు నుంచి వర్తించేలా చూడమని అడిగాను.

17వ రోజు

ఫిర్యాదు అందింది, పరిశీలిస్తున్నామని జవాబు వచ్చింది. సర్టిఫికెట్ ఇవాళ్టికి చెల్లుతూనే ఉంది.

సాయంత్రం అక్క ఫోన్ చేసింది. పీడీఎఫ్‌లు కలిపే ప్రోగ్రామ్ ఏదో దింపుకుందట, అనుమతి అడిగే కిటికీ తెర మీద ఉందట. “నొక్కలేదురా, నువ్వు చెప్పినట్టు పబ్లిషర్ పేరు చదువుతున్నాను” అని ఒక్కో అక్షరం చెప్పడం మొదలుపెట్టింది. నా లిస్ట్‌లో ఆ పేరు లేదు. “సరే అక్కా, అది నో కొట్టు, ఫైల్ మాత్రం డిలీట్ చెయ్యకుండా ఉంచు” అన్నాను. రిమోట్‌లో వెళ్లి సిగ్‌చెక్ నడిపాను. పబ్లిషర్ పేరు కొత్తది, సర్టిఫికెట్ ఇచ్చి పదకొండు రోజులే అయింది. కానీ జోన్ ఐడెంటిఫైయర్‌లో ఉన్నది ఆ పచ్చ బటన్ డౌన్‌లోడ్ సైట్ అడ్రస్సే. ఫైల్ చివర చూశాను. సంతకం ముగిశాక అదే కోడ్, పక్కన ఇంకో కొత్త నంబర్.

రెండో థంబ్‌ప్రింట్‌ని లిస్ట్‌లో రాసుకున్నాను. పాత ఫిర్యాదుకు జతగా రెండో మెయిల్ ఇప్పుడే పంపుతున్నాను.